చిన్న సీపీయూలో ఏది మార్చాలి, ఎప్పుడు డబ్బానే మార్చాలి?

తిరుపతిలో ఏ జిరాక్స్ షాపులోనో, లాడ్జి కౌంటర్‌లోనో, ట్రావెల్స్ ఆఫీసులోనో టేబుల్ మీద మానిటర్ పక్కకి చూడండి. సన్నటి నల్ల డబ్బా ఒకటి కనిపిస్తుంది. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ ఇలా పేర్లు వేరు కానీ రకం ఒకటే. ఎస్ఎఫ్ఎఫ్ (స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్, అంటే చిన్న సైజు) అని అమ్మేవాళ్లు అంటారు, మనం చిన్న సీపీయూ అంటాం. పెద్ద కంపెనీల ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి తీసేసినవి సెకండ్‌హ్యాండ్‌లో మన దాకా వస్తాయి. గట్టి సరుకే. పదేళ్లు దాటినా చెక్కుచెదరకుండా నడుస్తున్నవి ఎన్నో ఉన్నాయి.

అయితే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. దాని తర్వాతి విండోస్ 11 పాత ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. దాంతో వీటిని వాడుతున్న చాలామందికి ఒకేసారి ఒకే టెన్షన్ పట్టుకుంది. హార్డ్ డిస్క్ బదులు దానికంటే వేగమైన ఎస్ఎస్‌డీ వేయించి సర్దుకోవాలా, ర్యామ్ పెంచాలా, గ్రాఫిక్స్ కార్డు పెట్టాలా, లేకపోతే మొత్తం తీసేసి వేరేది కొనాలా? షాపుకి వెళ్తే ఒకరు ఒకటి చెబుతారు, పక్కవాళ్లు ఇంకోటి చెబుతారు.

నా లెక్క ముందే చెబుతాను. రేపు ఊడదీసి ఇంకో డబ్బాలో పెట్టుకోగలిగిన పార్టు మీద ధైర్యంగా ఖర్చు పెట్టండి. ఈ డబ్బాకి తప్ప దేనికీ పనికిరాని పార్టు మీద మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. కింద ఏ పోలికైనా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ముందు తెలుసుకోవలసింది: మీది ఏ జనరేషన్?

టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. గీత తర్వాత నంబర్‌లో మొదటి అంకె జనరేషన్, అంటే అది ఎన్నో తరం ప్రాసెసరో చెబుతుంది. ఐ5-6500 అని ఉంటే ఆరో జనరేషన్. ఐ3-12100 లాగా ఐదంకెలు ఉంటే మొదటి రెండూ కలిపి చదవాలి, అది పన్నెండోది. "ఐ7 అండీ, చాలా పవర్‌ఫుల్" అని ఎవరైనా అంటే ఆ 7 చూసి మోసపోవద్దు. మూడో జనరేషన్ ఐ7 కంటే పన్నెండో జనరేషన్ ఐ3 చాలా వేగంగా పనిచేస్తుంది. కింది పట్టికలో సాటా అంటే పాత, నెమ్మది రకం ఎస్ఎస్‌డీ, ఎన్‌వీఎంఈ అంటే కొత్త, వేగమైన రకం.

| జనరేషన్ | ర్యామ్ రకం | ఎన్‌వీఎంఈ స్లాట్ | విండోస్ 11 | ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు |
|---|---|---|---|---|
| 2, 3 | డీడీఆర్3 | ఉండదు | అధికారికంగా కుదరదు | సాటా ఎస్ఎస్‌డీ తప్ప ఏదీ వద్దు |
| 4 | డీడీఆర్3 | సాధారణంగా ఉండదు | అధికారికంగా కుదరదు | సాటా ఎస్ఎస్‌డీ వరకే |
| 6, 7 | ఎక్కువగా డీడీఆర్4 | చాలా మోడళ్లలో ఉంటుంది | అధికారికంగా కుదరదు | ఎస్ఎస్‌డీ, ర్యామ్ |
| 8, 9 | డీడీఆర్4 | ఉంటుంది | కుదురుతుంది | అన్నీ ఆలోచించవచ్చు |
| 10, 11 | డీడీఆర్4 | ఉంటుంది | కుదురుతుంది | అన్నీ ఆలోచించవచ్చు |
| 12 ఆపైన | డీడీఆర్4 లేదా డీడీఆర్5 | ఉంటుంది | కుదురుతుంది | మార్చాల్సిన అవసరమే తక్కువ |

ఏడో జనరేషన్ వరకు ఉన్నవాటిలోనూ అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించేవాళ్లున్నారు. ఎక్కుతుంది కూడా. కానీ అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఇంట్లో సినిమాలు చూసుకునే మెషీన్ అయితే సరే. నెట్ బ్యాంకింగ్ చేసే షాపు మెషీన్‌లో మాత్రం నేను ఆ పని చేయను.

రెండోది: నిజంగా దేనివల్ల స్లో అవుతోంది?

పని ఒత్తిడి ఎక్కువగా ఉన్న సమయంలో, క్రోమ్‌లో పది ట్యాబులు, ట్యాలీ, ప్రింటింగ్ అన్నీ నడుస్తుండగా అదే టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టండి. డిస్క్ దగ్గర 100 శాతం అని నిలబడిపోతే తప్పు హార్డ్ డిస్క్‌ది. మెమరీ 90 దాటితే ర్యామ్ చాలడం లేదు. ఆ రెండూ బాగానే ఉండి సీపీయూ నిమిషాల తరబడి 100లోనే ఉంటే అప్పుడు ప్రాసెసర్ సంగతి చూడాలి. నేను చూసినంతలో హ్యాంగ్ అవుతోందని తెచ్చే చిన్న సీపీయూల్లో ఎక్కువవాటికి రోగం హార్డ్ డిస్క్ దగ్గరే.

మన ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటి. మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజున ఫాస్ట్ మెషీన్ ఉంటే టికెట్ ముందు దొరుకుతుందని నెట్ సెంటర్ల వాళ్లు కొందరు నమ్ముతారు. అక్కడ వరుసలో నిలబెట్టేది వెబ్‌సైటే, మన ప్రాసెసర్ కాదు. యాత్రికుల వివరాలు ముందే రాసి పెట్టుకోవడం, నెట్ లైన్ బాగుండటం, ఓటీపీ వచ్చే ఫోన్ చేతిలో ఉండటం, ఇవి కలిసొస్తాయి. ఆ ఒక్క పనికోసం వేలు పోయకండి.

ఎస్ఎస్‌డీ: అందరికీ మొదటి మెట్టు

ఈ చిన్న డబ్బాల్లో పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. పాత హార్డ్ డిస్క్ పెద్ద ఫైలు ఒకటి చదివేటప్పుడు సెకనుకు 100 నుంచి 150 మెగాబైట్లు ఇస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేవి మాత్రం వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు. అక్కడ దాని వేగం ఒకటి రెండు మెగాబైట్లకు పడిపోతుంది. సాటా ఎస్ఎస్‌డీ సుమారు 550 మెగాబైట్ల దాకా పోతుంది. ఎన్‌వీఎంఈ అయితే ఆరు నుంచి పది జనరేషన్ల బోర్డుల్లో 3,500 దాకా. అంకెల్లో తేడా పెద్దదే కానీ బిల్లింగ్, టైపింగ్, బ్రౌజింగ్ చేసేవాళ్లకి సాటాకీ ఎన్‌వీఎంఈకీ మధ్య తేడా కంటికి ఆనదు. హార్డ్ డిస్క్ నుంచి ఈ రెండిట్లో దేనికి మారినా తేడా మొదటి రోజే తెలుస్తుంది.

కొనేముందు మూత తీసి చూడండి. బోర్డు మీద చిన్న కార్డులు పెట్టే ఎం.2 స్లాట్లు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి ఎస్ఎస్‌డీ కోసం, పొట్టిగా ఉండే రెండోది వైఫై కార్డు కోసం. వైఫై స్లాట్‌లో ఈ ఎస్ఎస్‌డీ ఎక్కదు. అలాగే ఎం.2 ఆకారంలో ఉన్నదల్లా ఎన్‌వీఎంఈ కాదు, సాటా రకం కూడా అదే ఆకారంలో వస్తుంది. బోర్డు ఏది తీసుకుంటుందో మోడల్ నంబర్‌తో కంపెనీ మాన్యువల్‌లో చూసుకోవాలి. నాలుగో జనరేషన్ వాళ్లు అడాప్టర్ కార్డు కొని ఎన్‌వీఎంఈ పెడదామనుకుంటే, డిస్క్ కనిపిస్తుంది కానీ సాధారణంగా దాని నుంచి విండోస్ బూట్ అవదు. సాటాతో ఆగిపోవడమే మేలు.

సాటా పెట్టేవాళ్లు కరెంటు కేబుల్ సంగతి కూడా చూసుకోవాలి. ఈ డబ్బాల్లో చాలావాటిలో హార్డ్ డిస్క్‌కి కరెంటు, డబ్బా మొత్తానికి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ నుంచి కాకుండా మదర్‌బోర్డు నుంచి ఒక పొట్టి కేబుల్ ద్వారా వస్తుంది. పాత డిస్క్‌ని డేటా కోసం ఉంచుకుని ఎస్ఎస్‌డీ అదనంగా పెట్టాలంటే రెండో కనెక్టర్ కావాలి. డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట క్యాడీ అనే చిన్న చట్రంలో పెట్టే పద్ధతి ఉంది. క్యాడీ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7 మిల్లీమీటర్లా అని కొలిచి కొనండి.

ర్యామ్: రకం చూసి కొనాలి

8 జీబీ ఉంటే ఆఫీసు పనికి ఎలాగో సరిపోతుంది, 16 ఉంటే నిశ్చింత. రెండు స్లాట్లలో రెండు సమానమైన స్టిక్కులు పెడితే మెమరీ రెండు దారుల్లో నడుస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లకి దీనివల్ల బాగా లాభం, ఎందుకంటే ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది.

డీడీఆర్4 కొంటే రేపు ఎనిమిదో జనరేషన్ డబ్బాకి మారినా వెంట తీసుకెళ్లవచ్చు. డీడీఆర్3 మీద కొత్తగా ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేదు. అది తర్వాతి మెషీన్‌లోకి రాదు. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కూడా. కాబట్టి ఎవరైనా పాత డీడీఆర్4 సీపీయూ అమ్ముతుంటే అందులో ఎంత ర్యామ్ ఉందో అడగండి, బేరంలో దాని విలువ తక్కువేమీ కాదు.

చిన్న సీపీయూ అంటే అందరూ ఒకటే అనుకుంటారు కానీ, అరచేతి కంటే కాస్త పెద్దగా ఉండే టైనీ, మైక్రో, మినీ రకాల్లో ల్యాప్‌టాప్ ర్యామ్ వాడతారు. ఎస్ఎఫ్ఎఫ్‌లో వాడేది పొడవాటి డెస్క్‌టాప్ ర్యామ్. ఆర్డర్ పెట్టే ముందు పాత స్టిక్ ఒకటి తీసి చేత్తో పట్టుకుని చూడండి. కింది అంచులో ఉన్న గాడి స్లాట్‌లోని గట్టుకి సరిగ్గా ఎదురుగా రావాలి. బొటనవేళ్లతో రెండు చివరలా నొక్కితే క్లిప్ టక్కుమని తనంతట తానే మూసుకుంటుంది. మూసుకోలేదంటే దిగలేదన్నమాట. అలాగే ఆన్ చేస్తే ఆప్టిప్లెక్స్‌లలో స్క్రీన్ మీద ఏమీ రాదు, పవర్ బటన్ నారింజ రంగులో మినుకుతూ ఉంటుంది. భయపడాల్సిందేమీ లేదు, ఆఫ్ చేసి మళ్లీ సరిగ్గా దింపితే చాలు.

ప్రాసెసర్: ఎక్కువమందికి వద్దు

ఆరో జనరేషన్ ఐ5-6500 తీసి ఐ7-6700 పెడితే కోర్లు నాలుగే, థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల దారులు) నాలుగు నుంచి ఎనిమిదవుతాయి. విండోస్ 11 సమస్య ఉన్నచోటే ఉంటుంది. పైగా ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్ సాకెట్ చూడటానికి అలాగే ఉన్నా ఆరు, ఏడు జనరేషన్ల బోర్డు మీద పనిచేయదు. సాకెట్ కుదిరినా, మెషీన్‌ని మొదలుపెట్టే కంపెనీ ప్రోగ్రామ్ బయోస్ ఒప్పుకోకపోతే బూట్ అవదు. ఇప్పటికే ఎనిమిదో జనరేషన్ ఐ3-8100 ఉన్నవాళ్లు ఆరు కోర్ల ఐ5-8500కి మారడం ఒక్కటే నాకు అర్థవంతంగా కనిపిస్తుంది. రెండూ 65 వాట్లవే, వేడి లాగే హీట్‌సింక్ ఉన్నదే చాలు. పేరు చివర కె ఉన్న 90 వాట్లు దాటే ప్రాసెసర్లు ఈ డబ్బాల్లో పెట్టొద్దు.

గ్రాఫిక్స్ కార్డు: వాట్లు, ఎత్తు, మందం

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఈ డబ్బాల్లో ఎస్ఎంపీఎస్ సాధారణంగా 180 నుంచి 260 వాట్ల మధ్య ఉంటుంది. 180 అనుకుందాం. ప్రాసెసర్‌కి 65, బోర్డు, ర్యామ్, డిస్క్, ఫ్యాన్, యూఎస్‌బీలకి ఇంకో పాతికో ముప్పయ్యో పోతే మిగిలేది 85. స్లాట్ నుంచి కార్డు గరిష్ఠంగా 75 వాట్లు తీసుకోగలదు. లెక్కలో సరిపోయినట్టే ఉంటుంది కానీ, ఏళ్ల తరబడి నడిచిన ఎస్ఎంపీఎస్‌ని ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో చివరి అంచు దాకా లాగడం మంచిది కాదు. 180 వాట్లవాళ్లు 30 నుంచి 50 వాట్ల కార్డుతో ఆగాలి. ఎస్ఎంపీఎస్ మార్చేద్దాంలే అనుకుంటే అదీ తేలిక కాదు. డెల్, హెచ్‌పీ, లెనోవో మూడూ తమ సొంత కొలతలు, సొంత కనెక్టర్లు వాడతాయి. బయట దొరికే మామూలు ఎస్ఎంపీఎస్ డబ్బాలో పట్టదు, పిన్నులూ కలవవు.

ఎత్తు సంగతి: ఎత్తు తక్కువగా ఉండే లో ప్రొఫైల్ కార్డే కావాలి, దానితోపాటు పొట్టి బ్రాకెట్ వస్తుందో లేదో అడగాలి. సెకండ్‌హ్యాండ్ కార్డుల్లో ఈ పొట్టి బ్రాకెట్ పోయి ఉండటం మామూలే. మందం కూడా ముఖ్యం. రెండు స్లాట్లు ఆక్రమించే కార్డు కొన్ని మోడళ్లలో ఎస్ఎంపీఎస్‌కి అడ్డం తగులుతుంది.

| కార్డు | గరిష్ఠ వాట్లు | మెమరీ | గమనించాల్సింది |
|---|---|---|---|
| జీటీ 1030 | 30 | 2 జీబీ | వీడియో ఎన్‌కోడర్ (వీడియో ఫైలు తయారుచేసే భాగం) లేదు, డీడీఆర్4 రకం మరీ నెమ్మది |
| ఎన్విడియా టీ400 | 30 | 2 లేదా 4 జీబీ | మినీ డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే, అడాప్టర్ కావాలి |
| ఎన్విడియా టీ600 | 40 | 4 జీబీ | 180 వాట్ల డబ్బాకి సరిజోడు, ఇదీ మినీ డిస్‌ప్లేపోర్టే |
| ఎన్విడియా టీ1000 | 50 | 4 లేదా 8 జీబీ | ఒకే స్లాట్ మందం |
| రేడియాన్ ఆర్ఎక్స్ 6400 | 53 | 4 జీబీ | పాత బోర్డుల్లో వేగం తగ్గుతుంది, ఎన్‌కోడర్ లేదు |
| జీటీఎక్స్ 1650 లో ప్రొఫైల్ | 75 | 4 జీబీ | ఎస్ఎంపీఎస్ 240కి పైన ఉంటేనే |
| ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లో ప్రొఫైల్ | 70 | 6 జీబీ | రెండు స్లాట్లు, చోటు కొలవాలి |

ఆర్ఎక్స్ 6400 గురించి ఒక మాట. అది స్లాట్‌లో డేటా పోయే నాలుగు దారులే వాడుకుంటుంది. కొత్త బోర్డుల్లో అది చాలు, పదో జనరేషన్ వరకు ఉన్న బోర్డుల్లో మాత్రం ఆ దారులు ఇరుకైపోతాయి. పాత ఆఫీసు డబ్బాకి చౌకగా వస్తోందని దాన్ని ఎంచుకోవడం సరికాదు. లో ప్రొఫైల్ కార్డు మంచిదైతే తర్వాతి డబ్బాలోకి కూడా వస్తుంది కాబట్టి టీ600, టీ1000 మీద పెట్టిన డబ్బు నిలుస్తుంది.

డబ్బానే మార్చాలనుకుంటే

మూడు దారులున్నాయి. ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైన ఉన్న ఇంకో సెకండ్‌హ్యాండ్ ఎస్ఎఫ్ఎఫ్, ఇంటెల్ ఎన్100 అనే తక్కువ కరెంటు ప్రాసెసర్ ఉన్న కొత్త మినీ పీసీ, లేదా మామూలు సైజు అసెంబుల్డ్ సీపీయూ.

ఆరో, ఏడో జనరేషన్‌లో ఎస్ఎస్‌డీ, డీడీఆర్4 ర్యామ్ ఇప్పటికే వేయించుకున్నవాళ్లకి మొదటిదే లాభం. ర్యామ్, డిస్క్ లేని ఖాళీ డబ్బా బేరమాడి తీసుకుని మీ పార్టులు అందులోకి మార్చుకోవచ్చు. కొనేటప్పుడు షాపులోనే ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లి చూడండి. పాత కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ అడిగితే ఆ డబ్బా తీసుకోవద్దు. అన్ని యూఎస్‌బీలూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, కనీసం అరగంట నడవనిచ్చి ఫ్యాన్ చప్పుడు వినండి.

ఎన్100 మినీ పీసీ వేగంలో దాదాపు ఐ5-6500 అంతే. అంటే ఇప్పుడున్న ఆరో జనరేషన్ కంటే వేగం కోసం దాన్ని కొనడం వృథా. దాని గొప్పతనం కరెంటులో ఉంది. ప్రాసెసర్ 6 వాట్లది, కరెంటు పోతే అదే చిన్న యూపీఎస్ మీద ఎస్ఎఫ్ఎఫ్ కంటే చాలాసేపు నిలుస్తుంది. విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు స్లాట్ మాత్రం ఉండదు, ర్యామ్ ఒకే దారిలో నడుస్తుంది.

అసెంబుల్డ్‌లో ఐ3-12100 లాంటిది, మామూలు ఎస్ఎంపీఎస్, పెద్ద క్యాబినెట్. ఖర్చు ఎక్కువే. అయితే ఏ పార్టు పోయినా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఏ సైజు కార్డైనా పడుతుంది.

ఎవరికి ఏది

డీటీపీ సెంటర్ల వాళ్ల సంగతి మిగతావాళ్లలా కాదు. పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేసేవాళ్లకి కొత్త విండోస్ అంటేనే గుబులు. ఆ భయం సహజం, పాత సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో ఎలా నడుస్తుందో పెట్టి చూసేదాకా తెలియదు. నేనైతే రెండు మెషీన్లు పెట్టుకోమంటాను. పాతదానికి సాటా ఎస్ఎస్‌డీ ఒక్కటి వేసి, ఇంటర్నెట్ తీసేసి, టైపింగ్‌కే ఉంచుకోండి. మెయిల్, వాట్సాప్, యూపీఐ అన్నీ ఎనిమిదో జనరేషన్ మెషీన్‌లో చూసుకోండి. మధ్యలో ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మారతాయి, కాస్త చాకిరీయే కానీ పని ఆగదు.

దామలచెరువు మామిడి మండీలోనో, చిత్తూరు పాల కేంద్రంలోనో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో బిల్లులు కొట్టేవాళ్లు వేగం కంటే వెనక పోర్టులు చూసుకోవాలి. పాత ప్రింటర్‌కి ప్యారలల్ పోర్టు, కాటాకి సీరియల్ పోర్టు కావాల్సి వస్తుంది. సీరియల్ పోర్టు చాలా ఎస్ఎఫ్ఎఫ్‌లలో ఉంటుంది, ప్యారలల్‌కి లో ప్రొఫైల్ కార్డు పెట్టుకోవచ్చు. మినీ పీసీలో ఆ కార్డుకి చోటుండదు. మామిడి సీజన్ మొదలయ్యాక ఏదీ మార్చకండి, దానికి ముందే పని ముగించండి.

యూనివర్సిటీ, ఇంజినీరింగ్ పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికైతే ఎనిమిదో జనరేషన్ ఐ5, 16 జీబీ, ఎన్‌వీఎంఈ ఉంటే చదువు పూర్తయ్యేదాకా సరిపోతుంది. గేమ్స్ కూడా కావాలంటే ఎస్ఎఫ్ఎఫ్‌లో కార్డు ఇరికించే బదులు డబ్బు కూడబెట్టి అసెంబుల్డ్‌కి వెళ్లండి.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలకి ఎస్ఎఫ్ఎఫ్ నేను సిఫారసు చేయను. ముహూర్తాల రోజుల్లో గంటల తరబడి రెండరింగ్ నడుస్తుంది, ఆ వేడికి ఈ డబ్బాలో గాలి చాలదు. ఆల్బమ్ డిజైన్ వరకే అయితే 16 జీబీ, టీ600తో హాయిగా నడుస్తుంది.

ఇంట్లో పిల్లల క్లాసులకీ, పెద్దవాళ్ల యూట్యూబ్‌కీ ఎన్100 చాలు.

కొనడం, బిగించడం

తిరుపతిలో ఎస్ఎస్‌డీ, ర్యామ్ తేలిగ్గా దొరుకుతాయి. లో ప్రొఫైల్ కార్డు, పొట్టి బ్రాకెట్, కంపెనీ ఎస్ఎంపీఎస్ లాంటివాటికి ఎక్కువమంది సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్తారు. చిత్తూరువాళ్లకి బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా ఉంది. పది, పదిహేను శాతం తక్కువకి వస్తుందని ఎస్ఎస్‌డీని అక్కడ కొనే ముందు, అది పోతే వారంటీకి మళ్లీ అంత దూరం పోవాలని గుర్తుంచుకోండి. ఎస్ఎస్‌డీ, ర్యామ్ ఊళ్లోనే బిల్లుతో తీసుకోవడం నాకు ఇష్టం. ఎక్కడ కొన్నా పాత సీపీయూ మోడల్ స్టిక్కర్, లోపలి స్లాట్లు, ఎస్ఎంపీఎస్ మీది వాట్లు ఫోన్‌లో ఫోటో తీసి చేతిలో ఉంచుకోండి.

మూత తీసిన రోజునే హీట్‌సింక్ సంగతి చూడండి. ఫ్యాన్ కింద రేకుల మధ్య దుమ్ము దళసరి గుడ్డలా అల్లుకుని ఉంటుంది. ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. ప్రాసెసర్ మీది పాత పేస్ట్ ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాయండి. కొన్ని మెషీన్లకి ఇంతటితోనే ఫ్యాన్ మోత తగ్గి, మధ్యాహ్నం పూట హ్యాంగ్ అవడం ఆగిపోతుంది. సీఆర్2032 సెల్ కూడా అప్పుడే మార్చేస్తే తారీఖు వెనక్కి పోయే బాధ ఉండదు.

విండోస్ లైసెన్స్ గురించి దిగులు వద్దు. అది మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్, ర్యామ్ మార్చినా అదే ఎడిషన్ మళ్లీ ఎక్కించి నెట్ కలిపితే యాక్టివేట్ అవుతుంది. పాత హార్డ్ డిస్క్‌ని వెంటనే ఫార్మాట్ చేయకండి. ట్యాలీ డేటా, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు అన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయో లేదో ఒక నెల బిల్లింగ్ పూర్తయ్యేదాకా తెలియదు. అప్పటిదాకా దాని మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి.